తిరిగొచ్చిన ర్యామ్

వాడు పరిగెడుతున్నాడు.

ఆమె వెంటపడుతోంది.

చీకటి ఇప్పుడిప్పుడే పడింది. పాత సామాన్ల గోడౌన్ల మధ్య ఇరుకు సందు. రెండు పక్కలా పగిలిన మానిటర్లు, నోళ్ళు తెరుచుకున్న సీపీయూ డబ్బాలు, పేగుల్లా వేలాడుతున్న వైర్లు. ఎక్కడో రాగి కోసం కేబుళ్ళు కాలుస్తున్నారు. ఆ పొగ గొంతులో జిడ్డులా పేరుకుంటోంది.

ఆమెకు దగ్గు తెరలు తెరలుగా వస్తోంది.

అయినా ఆగదు. ఆగితే వాడు జారిపోతాడు. వాడు జారిపోతే...

చెప్పు తెగింది! కాలు విదిలించి రెండోది కూడా వదిలేసింది. ఉత్త కాళ్ళతో పరుగు. అరికాలి కింద గాజుపెంకులు కరకరమంటున్నాయి.

ముందు వాడి వీపు కనిపిస్తోంది. భుజానికి ఉండాల్సిన సంచిని గుండెకు హత్తుకుని పరిగెడుతున్నాడు, చంటిపిల్లను ఎత్తుకుపోతున్నవాడిలా.

దొంగ వెధవ!

సందు చివర మలుపు. అటువైపు నుంచి ఒక్కసారిగా జీపు లైట్లు!

బావ!

వాడు గతుక్కుమన్నాడు... పక్కకు తిరగబోయాడు... కాలు జారింది...

దబ్బుమని మురిక్కాలవలో పడ్డాడు!

నల్లటి నీళ్ళు. తేలుతున్న ప్లాస్టిక్. ఏదో చచ్చిన జంతువు కంపు. వాడు నడుము దాకా అందులో కూరుకుపోయాడు. కానీ రెండు చేతులూ తల మీదికి ఎత్తే ఉన్నాయి. ఆ చేతుల్లో సంచి. చుక్క నీరు కూడా దానికి అంటలేదు.

బావ జీపులోంచి దూకాడు. కాలర్ పట్టి పైకి లాగాడు. మొహం మీద ఒకటి. డొక్కలో ఇంకొకటి. వాడి కళ్ళజోడు పగిలి ఒక చెవికి వేలాడింది. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది.

"చాలు బావా," అంది ఆమె రొప్పుతూ.

బావ అంటే అక్క మొగుడు. పోలీసు. చేయి వెంటనే లేస్తుంది, మనసు మాత్రం వెన్న అని ఇంట్లో చెప్పుకుంటారు.

ఆమె జీపు వెలుతురులో వాడి మొహం చూసింది. ఇన్నాళ్ళూ ఊహించుకున్న మొహం కాదు. యాభై దాటిన మనిషి. నెరిసిన జుట్టు. ఎవరో మాస్టారులా ఉన్నాడు.

అసహ్యం ఇంకా పెరిగింది. ఇలాంటి మొహం పెట్టుకుని అలాంటి పనా!

"నిన్న ఒక పసిపిల్ల చచ్చిపోయింది," అంది. "నువ్వు పంపిన ర్యామ్ వల్ల."

* * *

ఆమెది అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో ఉద్యోగం. అక్కడి సర్వర్లు చూసుకుంటుంది. ఆపరేటర్లు సర్వరమ్మ అంటారు. మా చెల్లి సర్వర్లు చూసుకుంటుంది అని అక్క గొప్పగా చెబితే, ఏ హోటల్లో అని ఒకావిడ అడిగింది. అప్పట్నుంచి ఇంట్లో ఆమెకు కాఫీ ఎవరూ ఇవ్వరు. నువ్వే తేవాలి, సర్వర్‌వి కదా అంటాడు బావ.

సర్వర్లు రెండు. పాతవి. చుట్టుపక్కల ఎవరు ఆపదలో ఫోన్ చేసినా ఆ రెంటిలో ఒకదాని గుండానే రావాలి. ఎక్కడి నుంచి చేస్తున్నారు, ఏ బండి దగ్గర్లో ఉంది, ఎటు పంపాలి... అంతా అవే చెబుతాయి. వాటికి మెమరీ, అంటే ర్యామ్, చెడిపోతే అవి బుర్ర పోయిన మనుషులు. మాట వినపడదు, నోట మాట రాదు.

ఆ మోడల్‌కు కంపెనీ పార్టులు చేయడం ఎప్పుడో మానేసింది. పెద్ద డీలర్లకు ఆమె ఫోన్ చేసి చేసి అలిసిపోయింది. ఒకడు మీ ఊరికి డెలివరీ లేదన్నాడు. ఇంకొకడు కొత్త సర్వరే కొనుక్కోండి మేడమ్ అని సలహా ఇచ్చాడు. మరొకడు ఊరి పేరు చెప్పగానే నవ్వాడు.

అప్పుడు దొరికింది ఇంటర్నెట్‌లో ఆ సైటు. 'పెద్ద మార్కెట్లు పట్టించుకోని ఊళ్ళకు పాత సర్వర్ విడిభాగాలు. పరీక్షించినవి. అందుబాటు ధర.' అడ్రసు లేదు. ఫోన్ నంబరు మాత్రం ఉంది.

మొదటి రెండు ఆర్డర్లు బంగారం. తర్వాత వచ్చినవన్నీ తుక్కు. పెట్టిన వారానికే చచ్చేవి. ఫిర్యాదు చేస్తే, నేను పంపింది బాగానే ఉందమ్మా అని ఒకటే జవాబు.

కంట్రోల్ రూమ్ స్టోర్ అంతా అక్క చేతిలో ఉంటుంది. వచ్చే పార్సిళ్ళు విప్పేది కూడా తనే. ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా అక్కే. వాడు ఉత్త మోసగాడే అని అక్క పళ్ళు నూరేది. మళ్ళీ తనే, ఇంకెక్కడ దొరుకుతాయి, ఇంకోసారి తెప్పిద్దాం అనేది.

నిన్న సాయంత్రం మొదటి సర్వర్ ఆగిపోయింది. రెండోది అందుకునే లోపు కొన్ని నిమిషాలు... ఊరు మొత్తానికి దిక్కు లేదు.

ఆ నిమిషాల్లోనే ఒక వ్యాను డ్రైవర్ ఫోన్ చేశాడు. కూతురికి ఊపిరాడటం లేదు. చేశాడు, చేశాడు... మోగలేదు. పిల్లను భుజాన వేసుకుని పరిగెత్తాడు. ఆసుపత్రి మెట్ల దగ్గర పిల్ల తల వాలిపోయింది.

ఈ ఉదయం అతను కంట్రోల్ రూమ్ గేటు దగ్గరికి వచ్చాడు. అరవలేదు. తిట్టలేదు. ఫోన్ తెరిచి ఎన్నిసార్లు చేశాడో చూపించాడు, అంతే. అక్క లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. కళ్ళు ఒత్తుకుంది.

ఆమె మాత్రం అతని కళ్ళలోకి చూడలేకపోయింది. అక్కడే నిర్ణయించుకుంది. బావను అడిగింది. దొంగ పేరుతో ఆర్డర్ పెట్టి, అర్జంటు, చేతికే ఇవ్వండి అని వాణ్ని గోడౌన్ల దగ్గరికి రప్పించారు. పోలీసు జీపు చూడగానే పరుగు లంకించుకున్నాడు.

ఇప్పుడు ఊరంతా రెండో సర్వర్ మీదే బతుకుతోంది. అందులోనూ ఉన్నది వాడి తుక్కే.

* * *

"ఏ సర్వర్ అమ్మా?" అన్నాడు వాడు, నెత్తురు ఉమ్మి.

చెప్పింది.

వాడి మొహం పాలిపోయింది. దెబ్బలకు కాదు. "అంబులెన్సులా? మీరు ఆ ఆఫీసా? అయ్యో... రెండోది నడుస్తోందా? దానికి ఎర్ర లైటు పడిందా ఇంకా?"

"పడలేదు."

"పడుతుంది. షాపుకు రండి. ఈ సంచిలోవి తడవలేదు. మీ కళ్ళముందు టెస్ట్ చేసి ఇస్తాను. కొట్టడం తర్వాత కొడుదురు గానీ."

బావ మళ్ళీ చెయ్యెత్తాడు. ఆమె అడ్డుపడింది. ఏదో తేడాగా ఉంది... దొరికిపోయిన దొంగ తన గురించి భయపడాలి. వీడు సర్వర్ గురించి భయపడుతున్నాడు!

మరి పారిపోవడం ఎందుకని బావ గద్దించాడు. రెండేళ్ళ కిందట దొంగ సొత్తు అని పోలీసులు షాపంతా ఊడ్చుకుపోయారట. కాదని తేలింది గానీ సామాను తిరిగి రాలేదట. అందుకే జీపు అంటే భయమట.

బావ ఫోన్ మోగింది. అక్క. దొరికాడా అని అడుగుతోంది. దొరికాడని చెప్పగానే, స్టేషన్‌కు తీసుకుపోండి, చెల్లిని ఇంటికి పంపించెయ్యండి, వాడి షాపుకు గీపుకు వెళ్ళొద్దు, ఎవరుంటారో ఏమో అంటోంది.

అక్కకు ఎప్పుడూ ఆమె మీద బెంగే.

"సర్వర్ పోతే ఎవరు జవాబు చెప్తారు బావా? పద," అంది ఆమె, జీపెక్కుతూ.

* * *

సైకిల్ రిపేరు షాపు మీద ఒక గది. ఇనుప మెట్లు. బావ కిందే జీపు దగ్గర నిలబడ్డాడు, వాడు పారిపోవాలన్నా దారి అదొక్కటే కాబట్టి.

లోపలికి అడుగుపెట్టి ఆమె ఆగిపోయింది.

దొంగల గుహ అనుకుంది. అద్దంలా ఉంది గది! గోడ పొడవునా అరలు. అరల్లో పార్టులు, ఒక్కోటి ఒక్కో యాంటీస్టాటిక్ కవర్లో, కరెంటు పుట్టి పాడవకుండా. మధ్యలో బల్ల మీద మూత తీసిన సర్వర్, తన దగ్గరున్న మోడలే.

ఆ మనిషి చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. ఒళ్ళంతా మురుగు కారుతోంది, చేతులు మాత్రం శుభ్రం. సంచిలోంచి ర్యామ్ తీసి గుచ్చాడు. స్క్రీన్ మీద పరీక్ష పరుగెత్తింది. పచ్చ గీత. మళ్ళీ పచ్చ గీత.

తప్పు లేదు. ఒక్కటి కూడా!

అప్పుడతను చిన్న సీసా తీశాడు. గోళ్ళరంగు. ఎర్రది. ర్యామ్ మూలన చిన్న చుక్క పెట్టాడు.

"మా ఆవిడది. నేను పరీక్షించిన ప్రతిదానికీ ఇలా చుక్క పెడతాను. మీకొచ్చినవాటికి ఉందా?"

ఆమె బ్యాగులోంచి నిన్న చచ్చిపోయినది తీసి ఇచ్చింది. అతను పగిలిన కళ్ళజోడు దగ్గర పెట్టుకుని చూశాడు. తిప్పి చూశాడు. స్టిక్కరు అంచు గోటితో లేపాడు. కింద రెండో జిగురు పూత.

"స్టిక్కరు నాది. సరుకు నాది కాదు."

చుక్క లేదు.

ఆమె ఒళ్ళు జలదరించింది. అంటే... ఆయన పంపింది ఒకటి. తన చేతికొచ్చింది ఇంకొకటి. మధ్యలో ఎవరో...

ఆయన ఏదో గుర్తొచ్చినట్టు అర కిందికి వంగాడు. ఒక అట్టపెట్టె లాగాడు. తను పాతవి కూడా కొంటాడట, వేరే పేరుతో ప్రకటన ఇచ్చి. బస్సు పార్సిల్లో ఎవరో పంపుతుంటారట. మూడుసార్లుగా వింత జరుగుతోందట.

"నా చుక్క పెట్టినవే నా దగ్గరికి తిరిగొస్తున్నాయమ్మా. ఎవరో కొత్త సర్వర్ కొనుక్కుని పాతవి అమ్మేస్తున్నారు కాబోలు అనుకున్నాను. కొని, చూసి, మళ్ళీ మీకే పంపాను. అదే ర్యామ్. మూడుసార్లు."

అదే ర్యామ్!

తను మూడుసార్లు తెప్పించింది ఒకే ర్యామ్. అది మూడుసార్లు గడప దాకా వచ్చి, సర్వర్ దాకా రాకుండా వెనక్కి పోయింది!

"ఎవరు పంపుతున్నారు?"

"దొంగ పేరే అయ్యుంటుంది. ఫోన్లో ఒకావిడ మాట్లాడుతుంది. ఇవి గుడ్డలో చుట్టకూడదండీ, స్టాటిక్ కరెంటు పుట్టి పాడవుతాయి అని ఎన్నిసార్లు చెప్పానో. సరేనండీ అంటుంది. మళ్ళీ ఇవే సంచులు."

అట్టపెట్టె నిండా చిన్న చిన్న గుడ్డ సంచులు. ఆయన ఏదీ పారేసే రకం కాదు. ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

పసుపు గుడ్డ. మిషన్ మీద ముచ్చటగా కుట్టింది. దాని మీద నీలం దారంతో సగం బొమ్మ. రెండు కాళ్ళు, ఒక తోక.

ఆమె దాన్ని దీపం కిందికి తెచ్చింది.

అది బాతు. తను కుట్టిన బాతు! అక్క కూతురి పుట్టినరోజుకు గౌను కుట్టి, దాని మీద బాతు వేసింది. బాతు కాదు కాకిలా ఉందని బావ ఏడాదంతా ఏడిపించాడు. పిల్ల పెరిగి గౌను పొట్టిదైతే, పాత బట్టల్లో వేశానంది అక్క.

పాత బట్టల్లో...

అక్క మిషన్ కుట్టు ఆమెకు తెలుసు. దారం చివర్న మూడు ముళ్ళు వేస్తుంది. చిన్నప్పుడు ఆమెకు నేర్పింది అక్కే.

సంచి చివర్న మూడు ముళ్ళు ఉన్నాయి.

ఆమె గోడ పట్టుకుంది.

"తెలిసినవాళ్ళా అమ్మా?" అన్నాడు ఆయన నెమ్మదిగా.

అప్పుడే ఫోన్! కంట్రోల్ రూమ్ నుంచి ఆపరేటర్. రెండో సర్వర్‌కు ఎర్ర లైటు పడిందట... ఇంకో క్షణానికి, స్క్రీన్లన్నీ నల్లబడ్డాయట!

ఆయన వింటూనే నాలుగు ర్యామ్‌లు కవర్లలో పెట్టి ఆమె చేతికిచ్చేశాడు. బిల్లు సంగతి తర్వాత చూసుకుందాం, ముందు పెట్టు అన్నాడు. మెట్ల మీదికి వచ్చి, పొడుగాటి గాడిలో మొదలుపెట్టు తల్లీ అని వెనక నుంచి కేకేశాడు.

* * *

జీపు దూసుకుపోతోంది.

బావ సైరన్ వేశాడు. ముందున్న బండ్లన్నీ పక్కకు తప్పుకుంటున్నాయి. వాణ్ని ఎందుకు వదిలేశావని అడిగాడు. తర్వాత చెప్తానంది. ఆయన చేతివేళ్ళ మీద ఇంకా ఆ మనిషి నెత్తురు. స్టీరింగ్‌కు అంటుకుంటోంది.

ఈయనకు తెలుసా?

తెలియదు... తెలిసుంటే తనతో వచ్చేవాడు కాదు. పొద్దున ఆ పిల్ల ఫోటో చూసి ఆయన కూడా ఏడ్చాడు.

పసుపు సంచి ఆమె పిడికిట్లో తడిసిపోయింది.

కంట్రోల్ రూమ్‌లో అడుగుపెడితే శ్మశానం. ఎప్పుడూ సంతలా ఉండే గది! ఆపరేటర్లు హెడ్‌సెట్లు పెట్టుకుని దిక్కులు చూస్తున్నారు. ఒక్క ఫోనూ మోగడం లేదు. బయట ఎక్కడెక్కడో ఎవరెవరో నంబరు నొక్కుతున్నారు. ఇక్కడ మాత్రం నిశ్శబ్దం.

స్టోర్ గది గుమ్మంలో అక్క.

"దొరికాయా? ఇలా ఇవ్వు. ముందు స్టోర్‌లోకి తీసుకోవాలి, రూల్ కదా." చేయి చాపింది.

ఆమె ఆ చేతిని చూసింది. గాజులు. కొత్త ఉంగరం.

తప్పుకుని వెళ్ళిపోయింది.

సర్వర్ రూమ్. చల్లగాలి. మూత తీసింది. తుక్కు పీకి అవతల పారేసింది. పొడుగాటి గాడి... టక్. రెండోది. టక్. మూడోది... టక్. నాలుగోది.

స్విచ్.

ఏమీ లేదు.

ఇంకా ఏమీ లేదు...

ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తాయి! పచ్చ లైటు! అవతల గదిలో ఒక ఫోను మోగింది. రెండోది. పది. గదంతా గణగణ! ఆపరేటర్ల గొంతులు ఒకదాని మీద ఒకటి... చెప్పండి, ఎక్కడ, భయపడకండి, బండి వస్తోంది.

ఆమె నేల మీద కూలబడింది. ఏడుపు రాలేదు.

అక్క లోపలికి వచ్చింది, నవ్వుతూ. మా చెల్లి బంగారం అంటూ భుజం మీద చేయి వేసింది.

ఆమె ఆ చేతిని తీసి, అరచేతిలో పసుపు సంచి పెట్టింది.

అక్క చూసింది. నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాని కింద మొహం మారిపోయింది.

"ఇది నీకెక్కడిది?"

"నువ్వు ఎవరికి పంపావో ఆయన దగ్గర."

"వాడా! వాడే కొంటున్నాడని నాకేం తెలుసే?"

అదీ మొదటి మాట. చేయలేదని కాదు. ఏడుపూ కాదు. వాడే కొంటున్నాడని తెలియదట!

"ఈ చుట్టుపక్కల ఆ మోడల్ కొనేవాడు ఆయనొక్కడే అక్కా. అమ్మేవాడూ ఆయనే. పెద్ద ఊరైతే కలిసిపోయేది. ఇక్కడ ఎక్కడికి పోతుంది?"

అక్క తలుపు దగ్గరికి వేసింది. గొంతు తగ్గించింది. పాతవి కూడా కొన్నాళ్ళు నడుస్తాయి కదా అనుకుందట. రెండో సర్వర్ ఎలాగూ ఉంది కదా అనుకుందట. చెల్లి తెలివైనది, ఎలాగోలా సర్దేస్తుందిలే అనుకుందట. ఇంటికి ఎన్ని ఖర్చులు! బావ జీతం ఏ మూలకి!

"ఆ వంటిల్లు చూసి నువ్వే కదే మెచ్చుకున్నావు."

వంటిల్లు.

నల్ల గ్రానైటు. మెత్తగా మూసుకునే సొరుగులు. ఆ బల్ల మీద కూర్చుని తను ఎన్నిసార్లు తింది!

"పొద్దున ఆయనకు మంచినీళ్ళు ఇచ్చావు," అంది ఆమె. గొంతు తనది కానట్టుంది. "పిల్ల పోయినాయనకు."

"మనిషన్నాక ఇవ్వమా ఏంటి?"

ఎంత మామూలుగా అంది!

ఆమెకు అక్క మొహంలోకి చూడాలంటే ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ మొహం తనకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్న మొహం. ముద్దలు కలిపి పెట్టిన మొహం. అదే మొహం.

తలుపు కిర్రుమంది.

బావ!

ఎంతసేపట్నుంచి ఉన్నాడో. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వచ్చి అక్క చేతిలోని సంచి తీసుకున్నాడు. వెలుతురులో చూశాడు. నీలం కాళ్ళు. తోక. గుర్తుపట్టాడు. ఆయన గుర్తుపట్టకపోతే ఎవరు పడతారు?

ఇప్పుడు అడుగుతాడు. ఇప్పుడు అరుస్తాడు. ముక్కూమొహం తెలియని మనిషిని కాలవలోంచి లాగి నెత్తురొచ్చేలా కొట్టిన చేయి కదా!

బావ సంచిని మడిచాడు. జేబులో పెట్టుకున్నాడు.

"దీన్ని ఎవరూ చూడలేదు."

"బావా..."

"పిల్లకు తల్లి కావాలి. ఇంటికి పరువు కావాలి. ఎవరూ చూడలేదు, అర్థమైందా అమ్మాయ్? ఆ తుక్కు వాడే పంపాడు. వాణ్ని పొద్దున లోపలేస్తాను."

ఆమె చెవుల్లో హోరు. సర్వర్ ఫ్యాన్లదో, తన నెత్తురుదో. గుండెలో ఇంకా మిగిలిన కాస్త గౌరవం కూడా కుళ్ళి రాలిపోయింది. ఆ కసిలో నోరు జారింది.

"ఇదొక్కటే అనుకుంటున్నావా? ఇలాంటివి ఆయన దగ్గర పెట్టెడు ఉన్నాయి. మిగతా సగం బాతు కూడా అక్కడే ఉంటుంది. ఎన్ని జేబుల్లో దాస్తావు?"

బావ ఆమె వైపు చూశాడు. అక్క వైపు చూశాడు.

వెళ్ళిపోయాడు.

గెలిచాననుకుంది ఆమె. ఒక్క క్షణం.

అక్క ఊపిరి పీల్చుకుంది. జుట్టు సర్దుకుంది. చెంప మీద చెమట తుడుచుకుంది. పెద్ద గండం గట్టెక్కినట్టు... తేలిగ్గా...

ఎందుకంత తేలిగ్గా?

కింద జీపు స్టార్టయిన చప్పుడు!

* * *

మెట్లు! రెండేసి, మూడేసి!

గేటు దగ్గర దుమ్ము తప్ప ఏమీ లేదు.

వెనక్కి పరుగు. ఖాళీగా ఉన్న ఒక ఆపరేటర్ కన్సోల్ ముందు పడింది. సైటు తెరిచింది. తిరుగుతోంది... తిరుగుతోంది... నంబరు. హెడ్‌సెట్ తగిలించుకుంది. డయల్.

మోగుతోంది. ఎత్తడం లేదు.

పక్క ఆపరేటర్‌ను పోలీసులకు చెప్పమంది. మీ బావగారేగా పోలీసు, ఇప్పుడే అటు వెళ్ళారు కదక్కా అంది ఆ అమ్మాయి, అయోమయంగా.

మళ్ళీ డయల్. మోగుతోంది... మోగుతోంది...

"సర్వర్ లేచిందా అమ్మా?" అన్నాడు ఆయన.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "లేచింది. మీరు తలుపు గడియ వేసుకోండి. ఎవరొచ్చినా తీయొద్దు."

"లేచిందా, అమ్మయ్య. మొహం కడుక్కుంటున్నాను, వినపడలేదు. ఏమన్నావమ్మా? తలుపా? తీసే ఉంది. ఎవరో వస్తున్నట్టున్నారే... మీ బావగారు. ఏమైనా మర్చిపోయారా?"

ఇనుప మెట్ల మీద బూట్లు. లైన్లో స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"అక్కడ ఉండకండి. వెనక కిటికీ ఉందా? దూకండి."

బావ గొంతు దూరం నుంచి. ఆ పెట్టె ఏదని అడుగుతోంది. ఏ పెట్టె అని ఈయన. గుడ్డ సంచులా, అవి నాకెందుకు, తీసుకుపోండి అంటున్నాడు. పాపం, ఏమీ తెలియదు. అట్టపెట్టె నేల మీద జరిగిన చప్పుడు. ఎవరికి చూపించావు అని బావ.

"ఎవరికీ లేదండీ. మీ మరదలికే. ఇదిగో, లైన్లోనే ఉంది, మాట్లాడండి."

"లైన్లో ఉందా?" అంది బావ గొంతు.

"బావా!" ఆమె అరిచింది. "వినపడుతోందా? నేనున్నాను! బావా!"

ఢాం!

చెవిలో పిడుగు పడ్డట్టయింది. ఫోన్ ఎక్కడో కింద పడి దొర్లింది. బూట్లు మెట్లు దిగుతున్నాయి, పరుగున.

కన్సోల్ మూలన ఎర్ర చుక్క వెలుగుతోంది. ఆ గదిలోని ప్రతి ఫోన్‌కాల్‌నూ సర్వర్ రికార్డు చేసుకుంటుంది. మొదటి మాట నుంచి చివరి చప్పుడు దాకా.

ఆ చుక్కను ఆమె ఒక్కతే చూడలేదు. వెనక నుంచి ఒక చేయి వచ్చింది, గాజులు గలగలమంటూ, కీబోర్డు మీదికి.

"తీసెయ్యవే," అంది అక్క చెవి దగ్గర. "మనవాళ్ళే కదే."

ఆమె ఆ చేతిని విసిరికొట్టింది. గాజులు పగిలి బల్ల మీద చెల్లాచెదురయ్యాయి. ఆపరేటర్లందరూ లేచి నిలబడ్డారు.

సైకిల్ షాపు మీద గది. తుపాకీ దెబ్బ. ఆమె వేళ్ళు టకటకా కొట్టాయి. స్క్రీన్ ఒక్క క్షణం ఆలోచించలేదు. దగ్గర్లోని బండి వెలిగింది. బయలుదేరింది.

హెడ్‌సెట్‌ను రెండు చేతులతో చెవులకు అదుముకుంది.

ముందు ఏమీ లేదు. ఫ్యాను చప్పుడు. ఆయన బల్ల మీది పరీక్ష యంత్రం చప్పుడు.

ఆ తర్వాత... ఒక మూలుగు.

"వింటున్నాను," అంది ఆమె. "మాట్లాడుతూనే ఉండండి. బండి వస్తోంది."